పాత అప్పు, సగం ధర: 1930ల మాంద్యంలో ఆంధ్ర రైతు

1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్ కుప్పకూలినప్పుడు కృష్ణా, గోదావరి డెల్టాల్లో సార్వా వరి పొట్ట మీద ఉంది. ఆ వార్తకూ ఆ పైరుకూ సంబంధం ఉందని అప్పుడు ఊళ్లో ఎవరికైనా తట్టి ఉంటుందని అనుకోలేం. దెబ్బ ఆ ఏడు కాదు, మరుసటి ఏడు తగిలింది. 1930 చివర్లో కోతలు పూర్తయి ధాన్యం కళ్లాలకు చేరే సరికి కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. అక్కడి నుంచి మూడు నాలుగేళ్లలో మద్రాసు రాజధాని అంతటా వరి ధర 1920ల చివరి స్థాయిలో సుమారు సగానికి దిగిపోయింది. రాయలసీమ, విశాఖ మెట్ట పొలాల్లో పండే వేరుశనగ ఎక్కువగా ఫ్రాన్సు నూనె మిల్లుల కోసం ఓడలెక్కే సరుకు కాబట్టి ఆ రైతు ఇంకా ముందే, ఇంకా గట్టిగా దెబ్బ తిన్నాడు.

కరువంటే తెలుగు నేలకు కొత్త కాదు. 1832-33 నాటి నందన కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. 1876-78 ధాత కరువులో రాయలసీమ ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. ఆ రోజుల్లో గింజ లేక ధర పెరిగింది. 1930లలో గాదె నిండా గింజ ఉంది, చేతిలో మాత్రం రూపాయి లేదు. ఈ తేడా చిన్నది కాదు. కరువు వస్తే ఏం చేయాలో చెప్పే కరువు నిబంధనావళి ప్రభుత్వం దగ్గర 1880ల నుంచీ ఉంది. గంజి కేంద్రాలు, చెరువు పనులు, శిస్తు మినహాయింపులు అన్నీ అందులో ఉన్నాయి. కానీ ఆ నిబంధనలకు పంట ఎండిపోవాలి. పంట పుష్కలంగా పండి ధర చచ్చిపోతే ఏం చేయాలో ఏ పుస్తకంలోనూ రాసి లేదు. పైరు పచ్చగా ఉన్నంత కాలం కలెక్టరు దృష్టిలో జిల్లా క్షేమంగా ఉన్నట్టే.

ధరలు అంత లోతుకు దిగడంలో ప్రభుత్వ విధానం పాత్ర తక్కువేమీ కాదు. 1927లో రూపాయి విలువను 18 పెన్నీల దగ్గర చట్టబద్ధం చేశారు. అది ఎక్కువ రేటు అని, 16 పెన్నీలు చాలని భారతీయ వ్యాపారులు, కాంగ్రెస్ నాయకులు మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. రేటు ఎక్కువైతే బయటికి పోయే పంటకు రూపాయల్లో వచ్చేది తగ్గుతుంది, బయటి నుంచి వచ్చే సరుకు చౌక అవుతుంది. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలేసినప్పుడు కూడా రూపాయిని అదే 18 పెన్నీల దగ్గర పౌండుకు కట్టేశారు. అటు బర్మా బియ్యం, సయాం నూకలు మద్రాసు రేవుల్లో చౌకగా దిగుతూనే ఉన్నాయి. విదేశీ నూకల మీద సుంకం వేయడానికి 1935 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి ఎన్నో పట్టాలు చేతులు మారిపోయాయి.

ఆ చేతులు మారడం ఎలా జరిగిందో అర్థం కావాలంటే ప్రోనోటును కొంచెం దగ్గరగా చూడాలి. మూడేళ్లు దాటితే నోటు కాలదోషం పట్టి కోర్టులో చెల్లదు. కాబట్టి మూడో ఏడు నిండకముందే షావుకారు రైతును పిలిపించి, అప్పటి దాకా పేరుకున్న వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకునేవాడు. ఒక లెక్క వేసి చూద్దాం. 1926లో ఒక రైతు నూటికి నెలకు రూపాయి వడ్డీకి 500 రూపాయలు తెచ్చాడనుకుందాం. మూడేళ్లకు వడ్డీ 180. నోటు తిరగరాస్తే అసలు 680 అవుతుంది. ఇంకో మూడేళ్లకు మళ్లీ తిరగరాస్తే 924 రూపాయల పన్నెండణాలు. అప్పు తెచ్చిన రోజున ధాన్యం బస్తా ఆరు రూపాయలైతే ఆ 500 విలువ 83 బస్తాలు. 1932 నాటికి బస్తా మూడు రూపాయలకు పడితే, నోటు మీద ఉన్న మొత్తం తీర్చడానికి 308 బస్తాలు కొలవాలి. రైతు ఆరేళ్లలో కొత్తగా ఒక్క రూపాయి కూడా వాడుకోలేదు, పొలం ఒక్క సెంటు పెరగలేదు. అప్పు మాత్రం ధాన్యంలో మూడున్నర రెట్లకు మించింది.

దీన్ని రాజధాని మొత్తానికి వర్తింపజేస్తే ఎంత బరువో తెలుస్తుంది. 1930లో మద్రాసు బ్యాంకింగ్ విచారణ సంఘం గ్రామీణ రుణభారాన్ని 150 కోట్ల రూపాయలుగా అంచనా వేసింది. అయిదేళ్ల తర్వాత ప్రభుత్వం కోసం సత్యనాథన్ జరిపిన విచారణలో అది సుమారు 200 కోట్లకు చేరింది. రూపాయల్లో చూస్తే మూడో వంతు పెరుగుదల. పంట ధర సగమైందని గుర్తు పెట్టుకుని చూస్తే అసలు భారం రెండున్నర రెట్లు దాటింది.

షావుకారునొక్కడినే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. ఊళ్లో అప్పిచ్చేవాడు పట్నంలో మరొకరి దగ్గర అప్పు తెచ్చినవాడే. ధాన్యం వ్యాపారి మిల్లు యజమానికి బాకీ, మిల్లు యజమాని బ్యాంకుకు బాకీ. ఆ వరసలో పైవాడు బిగించగానే కిందివాడి మెడకు ఉరి పడింది. 1930కి ముందు నాట్ల నాటికి పెట్టుబడి, పెళ్లికి చేబదులు, శిస్తుకు సర్దుబాటు ఒక్క గడప దగ్గరే దొరికేవి. వడ్డీ ఎక్కువే అయినా ఆ గడప మూసి ఉండేది కాదు. మాంద్యం ఆ తలుపు మూసింది. రైతుకు షావుకారు మీద ఉన్న కోపం పాతది. అవసరానికి ఆదుకుంటాడన్న నమ్మకం పోవడమే కొత్త.

అప్పు పుట్టనప్పుడు మిగిలింది బంగారం. బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలాక రూపాయల్లో బంగారం ధర ఎగసింది. తులం 21 రూపాయల చిల్లర నుంచి 30 దాటింది. అన్ని ధరలూ పడిపోతున్న కాలంలో ఎక్కిన ధర అదొక్కటే. కంసాలి దుకాణాలకు, మార్వాడీ కొట్లకు కాసులపేర్లు, కంటెలు, మురుగులు, వడ్డాణాలు వచ్చి చేరాయి. అక్కడ కరిగి కడ్డీలై బొంబాయి మీదుగా లండన్ చేరాయి. 1931-32 ఒక్క ఏడాదిలోనే దేశం నుంచి సుమారు 58 కోట్ల రూపాయల బంగారం ఎగుమతి అయింది. ప్రభుత్వం దీన్ని ప్రజలు లాభానికి అమ్ముకోవడంగా వర్ణించింది. లండన్‌కు కట్టాల్సిన బాకీలు ఆ బంగారంతోనే సులువుగా తీరిపోయాయి కూడా. ఊళ్లో జరిగింది వేరు. ఆడవాళ్ల ఒంటి మీద ఉండే ఆ బంగారం కుటుంబానికి ఆఖరి భద్రత, చాలా ఇళ్లలో స్త్రీకి తనదంటూ ఉన్న ఆస్తి అదొక్కటే. రైతు భూమిని నిలబెట్టుకోవడానికి కరిగించింది భార్య స్త్రీధనాన్ని. మాంద్యం చరిత్రలో భూముల లెక్కలు దొరికినంతగా ఈ నష్టం లెక్క దొరకదు. నా దృష్టిలో అది భూమి నష్టం కన్నా తక్కువది కాదు.

ఇక సర్కారు. రైత్వారీ గ్రామాల్లో శిస్తు నగదులో నిర్ణయమై ఉంటుంది, పంట ధరతో పాటు దిగదు. ధాన్యం సగం ధరకు పడితే అదే కిస్తీకి రెట్టింపు బస్తాలు అమ్ముకోవాలి. కరణం చిట్టాలో అంకె మారదు, మునసబు వసూలు ఆగదు. సరిగ్గా ఈ సమయంలోనే కృష్ణా, గోదావరి డెల్టా జిల్లాల్లో ముప్పై ఏళ్ల శిస్తు నిర్ణయం, అంటే సెటిల్మెంటు, గడువు ముగిసి మళ్లీ శిస్తు నిర్ణయించే రీసెటిల్మెంటు వచ్చింది. ధరలు బాగున్న 1920ల లెక్కల ఆధారంగా రూపాయికి మూడణాలు, అంటే నూటికి పద్దెనిమిదీ ముప్పావలా పెంచాలని ప్రతిపాదించారు. 1928లో గుజరాత్‌లోని బార్డోలీ రైతులు ఇలాంటి పెంపు మీదే గెలిచిన సంగతి పత్రికల ద్వారా డెల్టా గ్రామాలకు తెలుసు. ఎన్.జి. రంగా, దండు నారాయణరాజు వంటి నాయకులు ఊరూరా సభలు పెట్టారు. రైతు సంఘాలు లెక్కలతో వాదించాయి. ప్రభుత్వం ఆర్థిక విచారణ సంఘాన్ని వేసింది, తాత్కాలిక మినహాయింపులతో సరిపెట్టింది. ఈ ఆందోళన ఫలితం శిస్తు తగ్గిన మేరకే అనుకుంటే పొరపాటు. కాస్త పొలం, కాస్త చదువు, తాలూకా బోర్డులో పలుకుబడి ఉండి, అప్పటి దాకా తహసిల్దారుతో మంచిగా ఉంటూ వచ్చిన మోతుబరి రైతు, సర్కారుకు ఎదురు నిలిచి సభలో మాట్లాడడం ఇక్కడే నేర్చుకున్నాడు. నిడుబ్రోలులో రంగా నడిపిన రైతు విద్యాలయం ఆ తరానికి రాజకీయ పాఠశాల అయింది.

జమీందారీ ప్రాంతాల్లో పరిస్థితి ఇంకా బిగువుగా ఉంది. అక్కడ రైత్వారీ శిస్తు కన్నా జమీందారుకు కట్టే సిస్తులు ఎక్కువ. పైగా పుల్లరి, అడవి కట్టెల మీద రుసుములు, పేరూ లెక్కా లేని మామూళ్లు. మంచి ధరలున్నప్పుడు గొణుక్కుంటూ కట్టినవే ధర పడ్డాక కట్టలేనివయ్యాయి. వెంకటగిరి జమీ రైతులు 1931లో అడవి, మేత హక్కుల మీద కదిలారు. నెల్లూరు నుంచి వెలువడిన 'జమీన్ రైతు' పత్రిక వాళ్ల గొంతైంది. 1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడైతే రంగా కార్యదర్శి అయ్యారు. ఆంధ్ర రైతు ఉద్యమానికి ఆనాటికే ఉన్న స్థానం అందులో కనిపిస్తుంది. 1937 చివర ఇచ్ఛాపురం నుంచి బయల్దేరిన రైతు రక్షణ యాత్ర సుమారు 1,500 మైళ్లు కాలినడకన సాగి 1938 మార్చిలో మద్రాసు చేరింది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' సినిమా తీస్తే జమీందార్లు దాని మీద విరుచుకుపడ్డారు. పదేళ్ల కిందట రైతుబిడ్డ కథానాయకుడిగా తెర మీదికి వస్తాడని, అందుకు రాజాలు కలవరపడతారని ఊహించడం కష్టం.

తెలుగువాళ్లు ఈ మాంద్యాన్ని ఇంటి దగ్గర ఒక్కచోటే అనుభవించలేదు. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల కూలీలకు కరువు రోజుల్లో దారి రంగం, అంటే బర్మాలోని రంగూన్, పోవడం. మేస్త్రీ దగ్గర దారి ఖర్చు అప్పు తీసుకుని, కాకినాడలోనో విశాఖపట్నంలోనో ఓడెక్కి, రంగూన్ రేవులో మూటలు మోసి, ఇంటికి మనియార్డరు పంపే జీవితం అది. 1931 జనగణన నాటికి బర్మాలో తెలుగువాళ్లు లక్షన్నరకు పైగా ఉన్నారు. రంగూన్ నగర జనాభాలో సగానికి మించి భారతీయులే. కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్లను అక్కడ కోరంగీలు అనేవారు.

1930 మే నెలలో రంగూన్ రేవు కూలీలు సమ్మె కట్టారు. రోజుకు రూపాయిన్నర వస్తుంటే రెండు రూపాయలు కావాలన్నారు. ఓడలు ఆగిపోకుండా కంపెనీలు బర్మీ కూలీలను తెచ్చి పనిలో పెట్టాయి. కొద్ది వారాలకు సమ్మె పరిష్కారమైంది. తెలుగు కూలీలు తిరిగి పనిలోకి వచ్చిన రోజున బర్మీ కూలీలకు పని లేదన్నారు. వాళ్లలో చాలామంది అప్పటికే మాంద్యం దెబ్బకు పొలం పోగొట్టుకుని లేదా పొలం పని దొరక్క నగరానికి వచ్చినవాళ్లు. రేవు దగ్గర మొదలైన ఎగతాళి కొట్లాటగా, కొట్లాట ఊచకోతగా మారింది. అధికార లెక్కల్లోనే వంద మందికి పైగా చనిపోయారు, గాయపడినవాళ్లు వందల్లో ఉన్నారు. చనిపోయినవారిలో అత్యధికులు తెలుగు కూలీలు. రెండు రూపాయల కూలి అడిగినవాడినీ, ఆ రూపాయిన్నర పనైనా దొరకనివాడినీ ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పిన పరిస్థితిని తయారు చేసిన కంపెనీల మీద మాత్రం రాయి కూడా పడలేదు.

బర్మాలో భూమి కథ ఆంధ్ర డెల్టా కథనే ఇంకా పెద్ద అక్షరాల్లో చూపిస్తుంది. 1930లో దిగువ బర్మా ప్రధాన వరి జిల్లాల్లో తమిళ వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల చేతిలో ఉన్న భూమి నూటికి ఆరు పాళ్లు. 1937 నాటికి అది 25 పాళ్లు. వాళ్లు భూమి కోరుకున్నవాళ్లు కాదు, వడ్డీ కోరుకున్నవాళ్లు. తాకట్టులో ఉన్న పొలం, బాకీ కట్టలేని రైతు, కొనేవాడు లేని బజారు, ఈ మూడూ కలిసి వాళ్లను భూస్వాములను చేశాయి. 1930 డిసెంబరులో థారవాడిలో సాయా సాన్ నాయకత్వంలో లేచిన రైతు తిరుగుబాటును అణచడానికి ప్రభుత్వానికి ఏడాదికి పైగా పట్టింది. 1931 నవంబరులో సాయా సాన్‌ను ఉరి తీశారు. భారతీయుల మీద ద్వేషం బర్మా జాతీయ రాజకీయాల్లో స్థిరపడింది. తమిళ చెట్టియారు మీద కోపం తెలుగు రేవు కూలీ నెత్తిన కూడా పడింది. రంగం నుంచి వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లను మించిపోయారు. ఉత్తరాంధ్ర పల్లెలకు మనియార్డరు ఆగిపోయి మనిషి తిరిగొచ్చాడు. అప్పటికే పని లేని ఊళ్లో కూలి కోసం ఇంకో జత చేతులు చేరాయి.

ఇక మద్రాసు రాజకీయం. 1920 నుంచి ఎక్కువ కాలం అధికారంలో ఉన్నది జస్టిస్ పార్టీ. బ్రాహ్మణేతరుల విద్య, ఉద్యోగాల విషయంలో ఆ పార్టీ చేసిన పనిని తక్కువ చేయడం తగదు. కానీ మాంద్యం కాలానికి దాని పగ్గాలు జమీందార్ల చేతికి చిక్కాయి. చిత్తూరు ప్రాంతపు బొల్లిని మునుస్వామి నాయుడు 1930లో మద్రాసు మంత్రివర్గానికి అధిపతి అయితే, 1932 నవంబరులో జమీందారీ వర్గం ఆయన్ను దించి బొబ్బిలి రాజాను కూర్చోబెట్టింది. రైతు శిస్తు కట్టలేక విలవిల్లాడుతున్న రోజుల్లో మంత్రులు నెలకు 4,333 రూపాయల జీతం తీసుకుంటూనే ఉన్నారు. కాంగ్రెస్ మాత్రం 1931 కరాచీ తీర్మానంలోనే మంత్రి జీతం 500కు మించరాదని అంది. సభల్లో ఈ రెండు అంకెలు పక్కపక్కన చెబితే చాలు, వేరే ప్రసంగం అక్కర్లేదు. 1934లో తాలూకా బోర్డులను రద్దు చేయడంతో గ్రామాల్లో పార్టీకి అండగా ఉన్న చిన్న పెద్దలకు కూడా ఆ అండలో అర్థం లేకుండా పోయింది.

1937 ఎన్నికల్లో శాసనసభ 215 స్థానాల్లో కాంగ్రెస్ 159 గెలిచింది. బొబ్బిలి రాజా తన సొంత జమీలో, బొబ్బిలిలోనే, కార్మిక నాయకుడు వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. ఓటు హక్కు అప్పటికీ ఆస్తిని బట్టే, కూలీకి ఓటు లేదు. అంటే రాజాను ఓడించింది శిస్తు కట్టే రైతు. 1802 శాశ్వత పరిష్కారం నాటి నుంచి కదలని గడ్డ మీద ఇలా జరగడానికి గాంధీ పేరు, ఉప్పు సత్యాగ్రహపు జైలు జీవితాలు కారణాలే. కానీ 1920లలోనూ గాంధీ ఉన్నారు, జైళ్లూ ఉన్నాయి. మధ్యలో వచ్చి చేరింది మాంద్యం. అప్పటి దాకా జమీందారు, షావుకారు, సర్కారు ముగ్గురూ రైతును పిండుకున్నా కష్టకాలంలో ఎవరో ఒకరు కాస్తారన్న నమ్మకంతో లోబడి ఉండే అలవాటు గ్రామాన్ని పట్టి ఉంచింది. ముగ్గురూ ఒకేసారి చేతులెత్తేసి ఒకేసారి వసూలుకు దిగిన అయిదేళ్లలో ఆ అలవాటు తెగింది. తెగాక మళ్లీ అతుక్కోలేదు.

తెలంగాణది వేరే దారి. నిజాం పాలనలో ఎన్నికలు లేవు, సభలకు అనుమతి కావాలి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభ తొలి ఏళ్లలో భాష, చదువు, సంస్కరణల గురించే ఎక్కువ మాట్లాడింది. వెట్టి, భూమి ప్రశ్నలు అందులో ముందుకు వచ్చి పల్లెను కదిలించేది 1940లలో.

మళ్లీ మద్రాసుకు వస్తే, ఎన్నికల తర్వాత రాజాజీ కాంగ్రెస్ మంత్రివర్గం 1937 జూలైలో ఏర్పడింది. 1938లో వచ్చిన వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం మాంద్యానికి మద్రాసు రాజధాని ఇచ్చిన అసలు జవాబు. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి ఉన్న వడ్డీ బాకీ మొత్తం రద్దు. నోటు ఎన్నిసార్లు తిరగరాసినా మొదట చేతికిచ్చిందే అసలు. అసలుకు రెట్టింపు ఇప్పటికే కట్టి ఉంటే అప్పు తీరినట్టే. పైన మనం లెక్క వేసిన రైతు నోటు మీది 924 రూపాయలు ఒక్క కలం పోటుతో మళ్లీ 500 అయ్యాయి. జమీ రైతు 1346, 1347 ఫసలీ సంవత్సరాల సిస్తు కట్టేస్తే అంతకు ముందటి బాకీలన్నీ కొట్టివేత. కాంగ్రెస్‌లో అప్పు ఇచ్చినవాళ్లూ ఉన్నారు, తీసుకున్నవాళ్లూ ఉన్నారు. అయినా ఈ చట్టం చేయగలిగింది. అది నిజమైన ధైర్యం, దానికి తగిన గౌరవం ఇవ్వాలి. తర్వాత పల్లెల్లో షావుకార్లు కొత్త అప్పులకు జంకారన్న విమర్శలో నిజం ఉన్నా, వాళ్లు జంకడం 1930లోనే మొదలైందని మరిచిపోరాదు.

రెవెన్యూ మంత్రి ప్రకాశం అధ్యక్షతన వేసిన జమీందారీ విచారణ సంఘం ఇంకా ముందుకు వెళ్లింది. భూమికి హక్కుదారు రైతేనని, సిస్తులను 1802 నాటి స్థాయికి దించాలని 1938లో నివేదిక ఇచ్చింది. అది చట్టం కాకముందే 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. 1940 ఏప్రిల్‌లో మందసా జమీలో అడవి కట్టెల తగాదా మీద పోలీసులు కాల్పులు జరిపితే రైతు స్త్రీ వీర గున్నమ్మ ప్రాణం పోయింది. జమీందారీ రద్దు 1948 దాకా రాలేదు.

ఈ మొత్తం వ్యవహారంలో గెలిచిందెవరంటే, ధర పడ్డ రోజుల్లో భూమి వదలకుండా పట్టుకోగలిగిన మధ్యతరగతి, పెద్ద రైతు. గుంటూరు నల్లరేగళ్లలో వర్జీనియా పొగాకు వేసినవాడు, చౌకగా వచ్చిన పక్క పొలం కొన్నవాడు, కొడుకును కాలేజీకి పంపినవాడు. 1937 తర్వాత ఆంధ్ర రాజకీయాలను నడిపినవాళ్లలో ఎక్కువమంది ఆ ఇళ్ల నుంచి వచ్చారు. వాళ్ల పోరాటం న్యాయమైనదే. కానీ రైతు సభల్లో శిస్తు గురించి, వడ్డీ గురించి మాట్లాడినంతగా కూలి గురించి మాట్లాడలేదు. ధర పడ్డప్పుడు రైతు మొదట కోత పెట్టింది నగదు కూలి మీద, ఆ తర్వాత పని దినాల మీద. అలగానిపాడులో పుచ్చలపల్లి సుందరయ్య వ్యవసాయ కూలీలను కూడగట్టినప్పుడు ఎదురు వచ్చింది రైతులే. 1934లో కమ్యూనిస్టులు ఆంధ్రలో పార్టీ పెట్టుకున్నాక కూడా ఈ పేచీ తేలడానికి చాలా కాలం పట్టింది.

1938 చట్టం వ్యవసాయదారుడు అంటే ఎవరో నిర్వచించింది. భూమి మీద అమ్ముకోదగ్గ హక్కు ఉన్నవాడు. పాలేరు, కోత కూలీ, మాదిగ పల్లెలో పుట్టి యజమాని పొలంలోనే ముసలివాడైనవాడు ఆ నిర్వచనంలోకి రారు. వాళ్ల అప్పు కొద్ది రూపాయలో, కొన్ని కుంచాల గింజలో కావచ్చు, దానికి ఏ రాయితీ లేదు. వ్యవసాయ కూలీలు, చిన్న రైతులు, గ్రామీణ చేతివృత్తులవారి అప్పులను రద్దు చేస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది 1977లో. రైతుకు వచ్చిన 39 ఏళ్ల తర్వాత.